సందేహాలు – సమాధానాలు: వార్తలు ‘చదివింది’ శాంతిస్వరూప్

సందేహం: మా మనవడు బడిలో వ్యాసం రాస్తూ ‘దూరదర్శన్‌లో తెలుగు వార్తలు మొట్టమొదట చదివింది శాంతిస్వరూప్’ అన్నాడు. వాళ్ళ మాస్టారు ‘చదివింది’ కింద ఎర్రగీత గీసి, ‘చదివాడు’ అని దిద్ది, ఒక మార్కు కోసేశారు. మగవాళ్ళకు ‘చదివింది’ ఏమిటని అడిగారట. చిన్నప్పటి నుంచి రేడియోలో ‘వార్తలు, చదువుతున్నది ఫలానా’ అని విన్నదాన్ని, నాకైతే తప్పు కనపడలేదు. పైగా ఆయన వార్తలన్నీ బట్టీపట్టి చెప్పేవారట కదా, దాన్ని చదవడం అనొచ్చా అని మావారి అనుమానం. ఇంతకీ ఆయన్ని యాంకర్ అనాలా, న్యూస్ రీడర్ అనాలా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

సమాధానం: మీ మనవడి వాక్యం ఒప్పే అమ్మా. దిద్దుబాటే దాన్ని పాడుచేసింది. ‘మొట్టమొదట చదివాడు శాంతిస్వరూప్’ అని ఒకసారి పైకి చదివి చూడండి, బుర్రకథలో మాటలా లేదూ?

మాస్టారు పొరబడిన చోటు నాకు తెలుసు. తెలుగులో అచ్చం ఒకేలా కనిపించే ‘చదివింది’లు రెండున్నాయి. ‘రాధ వార్తలు చదివింది’ అన్నప్పుడు అది క్రియ. రాధ ఆడమనిషి కాబట్టి ‘-ఇంది’ వచ్చింది, రాముడైతే ‘చదివాడు’ అయ్యేది. రెండోది ‘చదివిన’కు ‘అది’ చేరగా వచ్చినది. చదివినది, వాడుకలో చదివింది. ఈ ‘అది’ ఆడమనిషిని చూపించదు, మగమనిషినీ చూపించదు. జరిగిన పనిని మూటకట్టి ముందు పెడుతుంది, అంతే. ఆ మూట ఎవరిదో వెనకాల చెబుతాం. రావణుణ్ణి చంపింది రాముడు. ఈ కుర్చీ విరగ్గొట్టింది ఎవరు? గెలిచింది మనవాళ్ళే. తలుపు తట్టింది నేనే. వీటిలో ఒక్కటైనా మాస్టారి లెక్కన దిద్దగలమా? ‘తలుపు తట్టాను నేనే’ అని ఏ ఇంట్లో అంటారు?

ఇది క్రియ కాదనడానికి గట్టి సాక్ష్యం వ్యతిరేకంలో దొరుకుతుంది. ‘రాధ పాఠం చదవలేదు’ అంటాం. కానీ క్లాసులో మాస్టారు లేచి అడిగే ప్రశ్న ‘పాఠం చదవనిది ఎవరు?’ అనే. ముప్పై మంది మగపిల్లలున్న క్లాసులోనూ అలాగే అడుగుతారు. మా రోజుల్లో బెంచీ ఎక్కింది ఎక్కువగా ఆ మగపిల్లలే.

శాంతిస్వరూప్ గారి కథనే తీసుకోండి. హైదరాబాదు దూరదర్శన్ మొదలైంది 1977 అక్టోబరు 23న. ఆయన అందులో చేరింది 1978లో. కానీ తెర మీద కనిపించింది ఐదేళ్ళ తర్వాత, 1983 నవంబరు 14న. అప్పటిదాకా తెలుగులో టీవీ వార్తలే లేవు. పెళ్ళాడింది సాటి న్యూస్ రీడర్ రోజారాణి గారిని. భోపాల్ గ్యాస్ దుర్ఘటన మీద నవల కూడా రాశారు, దాని పేరు ‘రాతి మేఘం’. ఉద్యోగ విరమణ చేసింది 2011లో, కన్నుమూసింది 2024 ఏప్రిల్ 5న, హైదరాబాదులోనే. ఇన్నిసార్లు ‘-ఇంది’ అన్నాను, మీకు ఎక్కడైనా ఆయన్ని ఆడమనిషిని చేసినట్టు అనిపించిందా? అమర్యాదగా అనిపించిందా? ఇప్పుడు ఒక్క మాట జరిపి చూడండి: ‘ఆయన 1978లో అందులో చేరింది’. వెంటనే చెవికి గుచ్చుకుంటుంది. ఎందుకంటే 1978ని చివరి నుంచి లాగేసరికి ‘చేరింది’ మళ్ళీ మామూలు క్రియ అయిపోయింది. అక్కడ మాత్రం ‘చేరారు’ అనాల్సిందే. నొక్కిచెప్పే మాట దగ్గర ‘ఏ’ ఉంటే అది ముందుకొచ్చినా ఫరవాలేదు: ‘శాంతిస్వరూపే కదా మొదట చదివింది’.

ఇక రేడియో మాట. ‘వార్తలు, చదువుతున్నది ఫలానా’ అనే పద్ధతి ఎవరు పెట్టారో గానీ గొప్ప ఉపాయం. చదివే మనిషి తన పేరు తానే, ఎవరి పేరో అయినట్టు చెప్పుకోవాలి. ‘చదువుతున్నవాడు’ అంటే వినేవాళ్ళకు మోటుగా ఉంటుంది. ‘చదువుతున్నవారు’ అంటే తనను తాను గౌరవించుకున్నట్టు ఉంటుంది. ‘చదువుతున్నది’ అంటే ఆ రెండు చిక్కులూ లేవు. పైగా ఆడా మగా తేడా లేదు. రేడియోలో తెలుగు వార్తలు చదివిన తొలి మహిళ జోలెపాళ్యం మంగమ్మ గారికీ, సినిమాల్లోకి రాకముందు ఢిల్లీ ఆకాశవాణిలో వార్తలు చదివిన కొంగర జగ్గయ్య గారికీ అదే వాక్యం సరిపోతుంది. పేరు మార్చుకుంటే చాలు.

మీవారి అనుమానం ఇంకా బాగుంది. టెలీప్రాంప్టర్ అంటే కెమెరా ముందు అద్దంలో అక్షరాలు కదులుతూ పోయే యంత్రం. చదివేవాళ్ళు దాన్నే చూస్తుంటారు, మనకేమో మన కళ్ళలోకి చూసి చెబుతున్నట్టు ఉంటుంది. శాంతిస్వరూప్ గారు వచ్చిన కొత్తలో, ఇంచుమించు పదేళ్ళ పాటు, అది లేదు. చేతిలో స్క్రిప్టు కాగితాలే. తలవంచి కాగితం చూస్తూ కూర్చుంటే జనానికి కనపడేది నడినెత్తి. అందుకని ముందే వార్తల్ని నోటికి పట్టేసి, తలెత్తి చెప్పేవారు. మంత్రుల పేర్లు, ఊళ్ళ పేర్లు, అంకెలు, అన్నీ. అవధానులు దాన్ని ధారణ అంటారు. అవధానికి తడబడితే సరిచేసుకునే వ్యవధి ఉంటుంది, సభలో చప్పట్లూ ఉంటాయి. వార్తలు చెప్పేవాడికి ఆ రెండూ లేవు. రోజూ అదే టెన్షన్.

మరి దాన్ని చదవడం అనొచ్చా? నిక్షేపంలా అనొచ్చు. పుస్తకం మీద కళ్ళు పెట్టడమే చదవడం అన్నది ఈమధ్య వచ్చిన ఇరుకు అర్థం. ‘తాతగారు భాగవత పద్యం చదివారు’ అంటే తాతగారి చేతిలో పుస్తకం ఉందని ఎవరూ అనుకోరు. రాగం తీసి పైకి వినిపించారని అర్థం. పెళ్ళిళ్ళలో చదివింపులు గుర్తుతెచ్చుకోండి. ‘పెళ్ళికూతురి మేనమామ గారు నూటపదహార్లు చదివించారు’ అని ఒకాయన గట్టిగా కేక పెడతాడు. అక్కడ చదువు అంటే నలుగురికీ తెలిసేలా చాటడమే. ఆ లెక్కన శాంతిస్వరూప్ గారు రెండర్థాల్లోనూ చదివారు: పరీక్షకు కుర్రాడు చదివినట్టు ముందు ఒంటరిగా, తర్వాత ఊరందరికీ. ఇప్పుడు కదిలే అక్షరాలు చూసి చెప్పేవాళ్ళదే చదువు అనీ, నోటికి పట్టి చెప్పిన ఆయనది కాదనీ అనడం తెలుగు తెలియని మాట.

చివరి ప్రశ్న తేలిక. ఆయన్ని న్యూస్ రీడర్ అనండి. యాంకర్ అంటే ఇవాళ మన చెవికి చర్చ నడిపేవాళ్ళు, ప్రశ్నలు వేసేవాళ్ళు, ఆడియో ఫంక్షన్లో మైకు పట్టుకునేవాళ్ళు కూడా. ఆయన చేసింది ఆ పని కాదు. గొంతు పెంచకుండా, చేతులు ఊపకుండా, వార్త వార్తలా చెప్పి నమస్కారం పెట్టే పని. ‘వార్తాపాఠకుడు’ అనొచ్చు కదా అని కొందరు రాస్తున్నారు. సంస్కృతంలో పాఠకుడంటే పైకి చదివేవాడే, నిజమే. కానీ మనకు పాఠకులంటే ఇంట్లో కూర్చుని పత్రిక చదువుకునేవాళ్ళని స్థిరపడిపోయింది. మీరు నాకు పాఠకురాలు, ఆయన మనకు పాఠకుడు అంటే ఎవరు ఎవరికి చదువుతున్నారో తేలదు. పదం పెద్దదవుతుంది గానీ పని జరగదు.

మీ మనవడి వాక్యానికి నేను చేసే దిద్దుబాటు ఒక్కటే: పేరు చివర ‘గారు’ చేర్చమనండి. ‘మొట్టమొదట చదివింది శాంతిస్వరూప్ గారు’. ‘గారు’ చేరినా ‘చదివింది’ చెక్కుచెదరలేదు, చూశారా. మార్కు సంగతి నా చేతిలో లేదు. అది తిరిగి ఇవ్వాల్సింది మాస్టారు గారే.