పేరంటానికి వెళ్లాలంటే పిల్లలను ఎవరు చూస్తారు?

ప్రశ్న: నాకు 33 ఏళ్లు. హైదరాబాద్‌లో ఒక సంస్థలో డిజైనర్‌గా పనిచేస్తున్నాను. 5 ఏళ్ల పాప, 10 నెలల బాబు ఉన్నారు. అపార్ట్‌మెంట్లవారు వాడుకునే మా యాప్‌లో, తీరిక లేని తల్లులు వేడుకలకు వెళ్లగలిగేలా ఒక కొత్త సదుపాయం తయారుచేసే పని నాకు అప్పగించారు. నేనేమో ఏడాదిన్నర పాటు ఎక్కడికీ వెళ్లలేదు. మొన్న స్నేహితురాలి సీమంతానికి వెళ్తే గంటలోపే మా వారు నాలుగుసార్లు ఫోన్ చేశారు. పాలపొడి ఎన్ని చెంచాలు వేయాలన్నది అందులో ఒకటి. తాంబూలం కూడా తీసుకోకుండా వచ్చేశాను. ‘పిల్లలు చిన్నవాళ్లు, ఇప్పుడీ తిరుగుళ్లు అవసరమా’ అన్నారు అత్తగారు. నా ఇంట్లోనే కుదరనిది ఇతరులకు ఎలా తయారుచేసి ఇవ్వగలనని దిగులుగా ఉంది. వచ్చే నెల ఇంకో స్నేహితురాలి గృహప్రవేశం ఉంది. ఏం చేయమంటారు?
– ఒక సోదరి

జవాబు: అమ్మా, మీ ఇంట్లో కుదరలేదు కాబట్టే ఆ పని చేయడానికి మీరు తగినవారని నా అభిప్రాయం. ఆ నాలుగు ఫోన్ కాల్స్ ఎందుకు వచ్చాయో ఒక కాగితం మీద రాసుకోండి. మీరు తయారుచేయవలసినది ఏమిటో అక్కడే దొరుకుతుంది.

ఇలాంటి సదుపాయం అనగానే తేదీ గుర్తుచేసే గంటలు, క్యాలెండర్లు అందరి మనసులోకీ వస్తాయి. కానీ నా దగ్గరకు వచ్చే తల్లులలో ముహూర్తం మరచిపోయి ఆగిపోయినవారిని నేను చూడలేదు. పెట్టవలసిన చీర నెల ముందే కొని ఉంచుకుని, ఆ సాయంత్రం పిల్లలను అప్పగించడానికి మనిషి లేక, కట్టుకున్న చీర మార్చుకుని కూర్చున్నవారినే ఎక్కువగా చూశాను. జాతీయ గణాంక కార్యాలయం 2019లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు అందుకు వెచ్చించారు. అదీ ఆ పనిలో చేయి పెట్టిన మగవాళ్ల లెక్క, అటువంటివారు నూటికి 26 మందే. ఇంత పని నెత్తిన ఉన్న మనిషికి ఇంకొక గంట మోగితే అది మరో పని అవుతుందే తప్ప సాయం కాదు.

అందువల్ల ‘వెళ్తాను’ అని మీరు నొక్కిన వెంటనే ఒక కబురు మీ వారి ఫోన్‌కు చేరాలి: ‘ఆదివారం సాయంత్రం 4 నుంచి 7 వరకు పిల్లలు మీ దగ్గర ఉంటారు, సరేనా?’ అని. ఆయన ఒప్పుకున్న తరువాత వచ్చే గుర్తుచేతలన్నీ ఆయనకే వెళ్లాలి. పాలపొడి కొలత, బాబు నిద్రపోయే వేళ, పాపకు పడని తిండి ముందే ఒకచోట రాసి ఉండి, అవసరమైనప్పుడు ఆయన తెరిచి చూసుకోగలగాలి. ఆ రెండో మనిషి భర్తే కావాలన్న నియమం మాత్రం పెట్టవద్దు. తల్లి, చెల్లెలు, ఎదురింటి పిన్నిగారు, ఎవరినైనా చేర్చుకునే వీలుండాలి. ఒంటరిగా పిల్లలను పెంచుతున్న తల్లులు మీ యాప్ తెరవగానే అది తమకోసం కాదనుకోకూడదు.

పిలిచేవారి వైపు కూడా ఆలోచించండి. మా అమ్మగారి రోజుల్లో శ్రావణ శుక్రవారం నాడు ఒక అమ్మాయి కుంకుమభరిణె పట్టుకుని ఇంటింటికీ వచ్చి బొట్టు పెట్టి పిలిచేది. సాయంత్రం నాలుగు మొదలు దీపాలు పెట్టే వేళ దాటేవరకు ఎప్పుడు వెళ్లినా పరవాలేదు. చంకలో ఒకరు, కొంగు పట్టుకుని మరొకరు ఉన్నా ఎవరూ వింతగా చూసేవారు కాదు. పసుపు రాయించుకుని, నానబెట్టిన శనగలు, తాంబూలం తీసుకుని పది నిమిషాల్లో వచ్చేసినా వెళ్లినట్లే లెక్క. ఆ పిలుపులో భర్త పోయిన ఆడవాళ్లకు చోటు లేకపోవడం నాకు ఇప్పటికీ బాధ కలిగించే విషయం, దాన్ని తిరిగి తేనక్కరలేదు. కానీ ఆ వెసులుబాటు తేవచ్చు. పిల్లలను తీసుకురావచ్చా, బిడ్డకు పాలిచ్చుకోవడానికి ఒక గది ఉందా, భోజనాలు ఎన్ని గంటలకు, కాసేపు ఉండి వెళ్తే సరిపోతుందా అన్న నాలుగు సంగతులు పిలిచేవారే ముందు చెప్పేటట్లు చేస్తే, అడగడానికి మొహమాటపడి మానేసే తల్లులు ఎందరో బయలుదేరుతారు.

ముఖపరిచయం లేనివారిని పిల్లల కాపలాకు కుదిర్చే ఆలోచన ఎవరైనా చెబితే గట్టిగా వద్దనండి. తల్లి ఏ వేళ ఇంట్లో ఉండదో ఆమె ఎంచుకున్నవారికి తప్ప ఇంకెవరికీ కనిపించకూడదు. 18 ఏళ్లలోపు పిల్లల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల ధ్రువీకరించిన సమ్మతి ఉండాలని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చెబుతోంది కాబట్టి, పేరు, వయసు వంటివి అవసరమైన మేరకే అడగండి.

ఇక మీ ఇంటి విషయం. మీ వారు నాలుగుసార్లు ఫోన్ చేయడంలో నాకు దురుద్దేశం కనిపించలేదు, అలవాటు లేని భయం కనిపించింది. వచ్చే నెల వరకు ఆగకుండా, ఈ ఆదివారమే గంటసేపు ఇద్దరు పిల్లలనూ ఆయనకు అప్పగించి కిందికి వెళ్లి కూర్చోండి. తరువాతి వారం రెండు గంటలు. బాబు కాస్త ఏడ్చినా, పాప జడ వంకరగా వచ్చినా సర్దడానికి పరుగెత్తవద్దు. అత్తగారి మాటకు మీరు సమాధానం వెతుక్కునే బదులు, ‘అమ్మా, ఆ రోజు పిల్లలను నేను చూసుకుంటాను’ అని మీ వారే ఆవిడతో చెప్పడం మంచిది. ఆ మాట కొడుకు నోట రావాలి.

ఒక్క విషయం మిమ్మల్ని అడగాలి. వెళ్లే వీలున్నా వెళ్లాలనిపించకపోవడం, బాబు నిద్రపోయినా మీకు నిద్ర పట్టకపోవడం, ఊరికే ఏడుపు రావడం రెండు వారాలకు మించి ఉంటే, అది తీరిక లేకపోవడం వల్ల వచ్చినదని సరిపెట్టుకోకుండా వైద్యులను కలవండి. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ ఫోన్ సేవ 14416 నంబరులో ఉచితంగా తెలుగులోనే మాట్లాడతారు.

గృహప్రవేశం రోజున పాలపొడి ఎన్ని చెంచాలో డబ్బా మూత మీద రాసి అంటించి, ఫోన్ సంచిలో పెట్టుకుని వెళ్లండి. భోజనం చేసి, తాంబూలం తీసుకుని నిదానంగా రండి.