క్లాస్-1 చేతికి రాకముందే ఫీజు కట్టకండి

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది చదువుతోంది. పైలట్ అవుతానని పట్టుబట్టి కూర్చుంది. ఆటల పోటీలకు ముందు తీసిన ఈసీజీలో డబ్ల్యూపీడబ్ల్యూ అని వచ్చింది. గుండెదడ, కళ్లు తిరగడం లాంటివి ఎప్పుడూ లేవు. ఫ్లయింగ్ స్కూల్ వాళ్లేమో ముందు అడ్వాన్స్ కట్టి సీటు ఖాయం చేసుకోండి, మెడికల్ తర్వాత చూసుకోవచ్చు అంటున్నారు. మా బంధువు ఒకాయన చిన్న ప్రొసీజర్ చేయిస్తే ఈసీజీ మామూలైపోతుంది, ఇక ఎవరికీ చెప్పక్కర్లేదంటున్నారు. ఏం చేయమంటారు?
- ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: పైలట్ ఉద్యోగానికి తప్పనిసరైన క్లాస్-1 మెడికల్ సర్టిఫికెట్ చేతికి వచ్చేదాకా అడ్వాన్స్ మాత్రం కట్టకండి. సీటు ఎక్కడికీ పోదు. లక్షల్లో ఫీజు తీసుకునే స్కూల్‌కి మీ అవసరం మీకు దాని అవసరం కన్నా ఎక్కువే.

ముందు ఆ ఈసీజీ సంగతి చూద్దాం. కాగితం మీద సన్న గళ్లు కనిపిస్తాయి కదా, ఒక్కో చిన్న గడి 0.04 సెకను. గుండె పై గది నుంచి కింది గదికి కరెంటు చేరడానికి మామూలుగా కనీసం మూడు గళ్లంత సమయం పడుతుంది. మీ అమ్మాయికి అంతకన్నా తక్కువ పడుతూ ఉంటుంది, నిటారుగా లేవాల్సిన గీత మొదట్లో కాస్త ఏటవాలుగా లేస్తుంది. మెయిన్ రోడ్డు ఉండగానే పక్కన ఇంకో సందు ఉన్నట్టు, గుండెలో పుట్టుకతోనే కరెంటుకు ఒక అదనపు దారి ఉందన్నమాట. దీన్నే డబ్ల్యూపీడబ్ల్యూ (వుల్ఫ్-పార్కిన్సన్-వైట్) అంటారు. చాలామందికి దానివల్ల జీవితాంతం ఏ ఇబ్బందీ రాదు. కొందరికి మాత్రం ఉన్నట్టుండి గుండె నిమిషానికి 200 సార్లు దాటి కొట్టుకుంటుంది. అరుదుగా ప్రాణాల మీదికీ వస్తుంది. ల్యాండింగ్ సమయంలో ఇలా జరిగితే ఎలా అన్నదే మెడికల్ బోర్డు భయం.

ఆ భయం ఊరికే పుట్టింది కాదు. 1972 జూన్ 18న లండన్ దగ్గర స్టెయిన్స్‌లో బ్రిటన్ ఎయిర్‌లైన్ బీఈఏకు చెందిన ట్రైడెంట్ విమానం కూలి 118 మంది చనిపోయారు. కెప్టెన్‌కు గుండె రక్తనాళాల జబ్బు ముదిరి ఉందని పోస్ట్‌మార్టంలో బయటపడింది. మీ అమ్మాయిది ఆ జబ్బు కాదు, కంగారుపడకండి. బోర్డు ఎందుకంత గట్టిగా ఉంటుందో తెలియడానికి చెప్పాను.

ఇప్పుడు చేయాల్సింది హైదరాబాద్‌లో ఎలక్ట్రోఫిజియాలజిస్ట్‌ను కలవడం. అంటే గుండె లయ ఒక్కటే చూసే కార్డియాలజిస్ట్. ఈపీ స్టడీ, అంటే గుండెలోకి సన్న తీగలు పంపి కరెంటు దారులను చూసే పరీక్ష, చేస్తే ఆ దారి ప్రమాదకరమా కాదా, ఎక్కడుంది అన్నది తేలుతుంది. అవసరమైతే తొడ దగ్గరి రక్తనాళం గుండా సన్న తీగ పంపి దాన్ని కాల్చేస్తారు. అదే అబ్లేషన్. ఎక్కువమందికి ఒక్కసారితో సరిపోతుంది. కానీ ఆ దారి గుండె అసలు కరెంటు కేంద్రానికి ఆనుకుని ఉంటే, కాల్చేటప్పుడు దానికీ దెబ్బ తగిలి పేస్‌మేకర్ పెట్టాల్సి రావచ్చు. అప్పుడు పైలట్ దారి ఇంకా కష్టం. కాబట్టి లైసెన్స్ కోసమని తొందరపడి చేయించకండి, డాక్టర్ అవసరమంటేనే చేయించండి.

మీ బంధువు సలహా వినకండి. మెడికల్ ఫారంలో గుండె జబ్బులు, ఆపరేషన్లు, ఆసుపత్రిలో చేరిన వివరాలు అడుగుతారు, కింద సంతకం చేయాల్సింది మీ అమ్మాయే. క్లాస్-1 ఒక్కసారితో అయిపోయే పరీక్ష కాదు, వయసులో ఉన్నవాళ్లకు కూడా ఏటా రెన్యూ చేయించుకోవాలి. దాచింది ఉద్యోగంలో చేరిన పదేళ్లకు బయటపడితే పోయేది ఆమె లైసెన్సే. అన్నీ చెప్పి, ఈపీ స్టడీ రిపోర్టు, అబ్లేషన్ రిపోర్టు, ఆ తర్వాతి ఈసీజీలు, హోల్టర్ (రోజంతా ఒంటికి తగిలించి తీసే ఈసీజీ) రిపోర్టు వరుసగా ఫైల్‌లో పెట్టి తీసుకెళ్తే బోర్డుకు చూడటానికి ఆధారం ఉంటుంది. నిర్ణయం మనిషిని, రిపోర్టులను బట్టి ఉంటుంది. టెంపరరీ అన్‌ఫిట్ అని రాసినా బెంబేలెత్తకండి, రివ్యూకి వెళ్లొచ్చు.

ముందు డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ) గుర్తింపు ఉన్న డాక్టర్ దగ్గర క్లాస్-2 మెడికల్ చేయిస్తారు. స్టూడెంట్ పైలట్ లైసెన్స్‌కి అది చాలు. అందుకే స్కూళ్లు దాన్ని చూపించి ఫీజు కట్టించుకుంటాయి. కానీ కమర్షియల్ లైసెన్స్‌కి, ఎయిర్‌లైన్ ఉద్యోగానికి క్లాస్-1 ఉండాల్సిందే. 200 గంటలు ఎగిరి, పొలం తాకట్టు పెట్టిన డబ్బంతా ఖర్చయ్యాక క్లాస్-1 రాకపోతే ఎవరూ ఏమీ చేయలేరు. మనకు దగ్గర్లో బెంగళూరులోని ఎయిర్‌ఫోర్స్ ఏరోస్పేస్ మెడిసిన్ ఇన్‌స్టిట్యూట్‌లో ఈ పరీక్ష చేస్తారు, డీజీసీఏ అనుమతి ఉన్న మరికొన్ని కేంద్రాలూ ఉన్నాయి. పరీక్షకు ముందు రాత్రి బాగా నిద్రపోవాలి, ఆ పొద్దున కాఫీ వద్దు. టెన్షన్‌తో బీపీ పెరిగి వెనక్కి వచ్చే పిల్లలు బోలెడుమంది.

ఈలోగా ఈఏపీసెట్ (పాత ఎంసెట్) మానేయొద్దు, డిగ్రీ సీటు చేతిలో ఉండనివ్వండి. క్లాస్-1 రాకపోతే విమానాల రంగంలోనే ఎయిర్‌క్రాఫ్ట్ మెయింటెనెన్స్ ఇంజినీరింగ్, ఫ్లయిట్ డిస్పాచ్ (విమానం రూటు, ఇంధనం ప్లాన్ చేసే పని) ఉన్నాయి. ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ కూడా ఉంది కానీ అక్కడా క్లాస్-3 మెడికల్ అడుగుతారు, ఇదే ఫైల్ అక్కడా పనికొస్తుంది.