తరం అంటే ఆయుష్షా?

సందేహం: తార్నాకలో ఉంటాను, జంతుశాస్త్రం పీజీ. ల్యాబ్‌లో ప్రయోగాలకు పెంచే చిన్న డ్రోసోఫిలా ఈగల మీద తెలుగులో వ్యాసం రాస్తూ ‘జనరేషన్ టైమ్’ని ‘జీవితకాలం’ అన్నాను. నా ఫ్రెండ్ ‘తరాంతరం’ అనాలంటోంది. ఏది సరైనది?

సమాధానం: రెండూ వద్దమ్మా. ‘జీవితకాలం’ అంటే లెక్కే తారుమారవుతుంది. మీ అమ్మమ్మ 85 ఏళ్ళు బతికారనుకోండి, ఆవిడకు 22వ ఏట మీ అమ్మ పుడితే ఆ తరం 22 ఏళ్ళదే అంటాం, 85 అని ఎవరూ అనరు కదా. ఈగకైనా అంతే. 25 డిగ్రీల వేడిలో గుడ్డు పెట్టిన సుమారు 10 రోజులకు రెక్కల ఈగ బయటికొస్తుంది, వచ్చాక ఇంకో నెలా రెండు నెలలు బతుకుతుంది.

ఇక ‘తరాంతరం’ అనగానే జనానికి తండ్రీకొడుకులకు పడకపోవడం గుర్తొస్తుంది. ‘అంతరం’లో ఎడం ఉంది, తేడా కూడా ఉంది, అక్కడే చిక్కు. ‘తరం వ్యవధి’ అనండి, లేదా హాయిగా ‘ఒక తరానికి పట్టే కాలం’ అనండి.

అయితే మాట కుదిరాక కూడా ఒక మెలిక ఉంది. ఆ 10 రోజులు గుడ్డు నుంచి ఈగ అయ్యే కాలం మాత్రమే. ల్యాబ్‌లో 14 రోజులకోసారి కొత్త సీసాలో గుడ్లు పెట్టించి పాతవాటిని తీసేస్తుంటే తరం వ్యవధి 14 రోజులే, అది ఈగ నిర్ణయం కాదు, మనది. ఏడాదికి 26 తరాలు. అక్కడ ‘అంచనా’ అనే మాటే అక్కర్లేదు, తేల్చి రాసేయండి. ముసలీ పడుచూ ఈగలన్నీ ఒకే పెట్టెలో కలిసి పెరుగుతుంటే మాత్రం ఏ వయసు తల్లి ఎన్ని గుడ్లు పెట్టిందో, వాటిలో ఎన్ని బతికాయో చూసి, ఆ పిల్లలు పుట్టేనాటికి తల్లుల సగటు వయసు కట్టాలి. ‘అంచనా’ అన్న మాట ఇక్కడ అతుకుతుంది. ఉష్ణోగ్రత రాయడం మరిచిపోకండి, 18 డిగ్రీల్లో ఎదుగుదలకు దాదాపు రెట్టింపు రోజులు పడతాయి (మే నెలలో మన హైదరాబాద్‌లో ఏసీ లేని గది సంగతి చెప్పనే అక్కర్లేదు).

అన్నట్టు, వ్యాసంలో ఒకచోట ‘పండు ఈగ’ అన్నారు. మామిడి రైతు చదివితే తన కాయల్ని పాడుచేసే ఈగ అనుకుంటాడు, అది వేరే కుటుంబానిది. డ్రోసోఫిలా అనే ఉంచండి.