కొత్త సైట్ల కంటే ముందు సెప్టిక్ ఫండ్

ప్రశ్న: టెక్సాస్‌లో శాన్ ఆంటోనియోకు గంట దూరంలో ముగ్గురు స్నేహితులం ఎల్ఎల్‌సీ (పరిమిత బాధ్యత కంపెనీ) పెట్టి 48 సైట్ల ఆర్‌వీ పార్కు (ఇల్లులాంటి బండ్లు నిలుపుకుని బస చేసే చోటు) కొన్నాం. సిటీ డ్రైనేజీ లేదు, అంతా సెప్టిక్ మీదే. ట్యాంకుల పంపింగ్, చెత్త బిల్లులు పెరుగుతున్నాయి. పార్కు నిండిన రోజు నీటి మీటరు 3,900 గ్యాలన్లు చూపిస్తోంది. లాభంతో ఇంకో 20 సైట్లు వేద్దామని పార్ట్‌నర్లు అంటున్నారు. వేయమంటారా?

జవాబు: ఈ ఏడాది వద్దండీ. మీ లెక్కలోనే కారణం ఉంది. సైటుకు రోజుకు 81 గ్యాలన్లు పడుతోంది. ఇంకో 20 వేస్తే మొత్తం 5,500 దాటుతుంది. టెక్సాస్‌లో మామూలు సెప్టిక్ అనుమతి రోజుకు 5,000 గ్యాలన్ల వరకే. అది దాటితే రాష్ట్ర పర్యావరణ సంస్థ టీసీఈక్యూ నుంచి వేరే పర్మిట్ తీసుకోవాలి. పైగా అనుమతికి చూసేది మీ మీటరును కాదు, డిజైన్ ప్రకారం లెక్కగట్టిన ప్రవాహాన్ని. మీ పార్ట్‌నర్లు సైట్ల ఖర్చు లెక్కేశారు గానీ, ఈ ఖర్చు వేసినట్టు లేరు.

అసలు నన్ను కలవరపెట్టింది మీ ఉత్తరంలో ఎక్కడా సెప్టిక్ మార్చే ఖర్చు ప్రస్తావన లేకపోవడం. పంపింగ్ బిల్లు నెలనెలా కనిపిస్తుంది. భూమిలో మురుగు ఇంకే డ్రెయిన్‌ఫీల్డ్ పాడైతే మాత్రం సీజన్ మధ్యలో పార్కు మూసేయాల్సి రావచ్చు. ఇంజనీరును పిలిచి అంచనా రాయించుకోండి. ఉదాహరణకు పదేళ్లలో 1,20,000 డాలర్లు కావాలన్నాడనుకుందాం. ఏడాదికి 12,000. సైట్లు 60 శాతం నిండినా, నిండిన ఒక్కో సైటుకు రాత్రికి 1.14 డాలర్లు పక్కన పెడితే సరిపోతుంది. అద్దెలోంచి ఆ మొత్తాన్ని ప్రతి నెలా వేరే సేవింగ్స్ ఖాతాలోకి పంపండి. ముగ్గురి సంతకాలూ లేకుండా అందులోంచి డబ్బు తీయకూడదని రాసుకోండి.

మీ దగ్గర బస చేయని వాళ్లు 10 డాలర్లిచ్చి తమ బండ్లలోని మురుగు ట్యాంకులు ఖాళీ చేసుకుపోయే ఏర్పాటు ఉంటే ఆపేయండి. ఆర్‌వీ టాయిలెట్‌లో నీళ్లు తక్కువ, అందుకే ఆ మురుగు ఇంటి మురుగు కంటే చాలా చిక్కన. అందులో ఫార్మాల్డిహైడ్ లాంటి రసాయనాలు కలిస్తే సెప్టిక్‌లో పనిచేసే బ్యాక్టీరియానే చచ్చిపోతుంది. బస చేసేవాళ్లకు కూడా ఆ రసాయనాలు, వైప్స్ వాడొద్దని చెక్-ఇన్ దగ్గరే చెప్పండి. బాత్రూమ్ బ్లాకులో కారే టాయిలెట్లు వెంటనే బాగుచేయించండి. ఒక్కటి రోజుకు 200 గ్యాలన్లు మింగగలదు.

చెత్త విషయం సులువు. చెత్త బండి వచ్చే రోజు డంప్‌స్టర్ (పెద్ద చెత్త తొట్టి) ఎంత నిండిందో నెల రోజులు రాసి, సగమే నిండుతుంటే ట్రిప్పులు తగ్గించమనండి. కాంట్రాక్టులో తనంతట తానే పొడిగించుకునే షరతు ఉందేమో చూడండి.

పన్ను సంగతి మీ సీపీఏతో (అకౌంటెంట్‌తో) మాట్లాడాలి. పంపింగ్ ఆ ఏడాది ఖర్చే. కొత్త డ్రెయిన్‌ఫీల్డ్‌ను సాధారణంగా 15 ఏళ్లలో కొంచెం కొంచెంగా ఖర్చు రాసుకునే ఆస్తిగా చూస్తారు, బోనస్ డిప్రిసియేషన్ (మొదటి ఏడాదే ఎక్కువ ఖర్చు రాసుకునే వీలు) వర్తిస్తుందేమో అడగండి. ఫండ్‌లో వేసినంత మాత్రాన డబ్బు ఖర్చు కింద రాదు. పార్ట్‌నర్‌షిప్‌గా ఫైల్ చేస్తుంటే, చేతికి రాకపోయినా కే-1లో (ఒక్కో పార్ట్‌నర్ వాటా చూపే పన్ను ఫారంలో) మీ వాటా లాభానికి పన్ను కట్టాల్సిందే. అందుకని ముగ్గురికీ పన్నుకు సరిపడా పంచాకే మిగిలినది ఫండ్‌కు మళ్లించండి.