నల్ల లాబ్రడార్ జంటకి చాక్లెట్ పిల్లలు, సంతకం పెట్టనంటున్న స్టడ్ ఓనర్: ఏం చేయాలి?

ప్రశ్న: మాది విజయవాడ. మూడేళ్ల నల్ల లాబ్రడార్ ఆడకుక్క ఉంది, కేసీఐ (కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా) పేపర్లు ఉన్నాయి, చెన్నై, హైదరాబాద్ షోలలో సర్టిఫికెట్లు కూడా గెలిచింది. ఒక్కసారైనా దాని పిల్లల్ని చూడాలని బెంగళూరులో ఒకరి దగ్గరున్న నల్ల స్టడ్‌తో (జత కట్టించే మగకుక్కతో) మేటింగ్ చేయించాం. దాన్ని అక్కడే అయిదు రోజులు ఉంచాం. "ఫీజు వద్దు మేడమ్, ఫస్ట్ పిక్ ఒక్క పప్ ఇవ్వండి చాలు" అని ఆయన వాట్సాప్‌లో రాశారు, అంతకు మించి కాగితం ఏమీ లేదు. ఎనిమిది పిల్లలు పుట్టాయి, వాటిలో రెండు చాక్లెట్ రంగు. ఇప్పుడు ఆయన రెండు చాక్లెట్లూ తనకే కావాలంటున్నారు. ఇవ్వకపోతే లిట్టర్ (ఒక ఈతలో పుట్టిన పిల్లలన్నీ) రిజిస్ట్రేషన్‌కి సంతకం పెట్టనని, నల్ల జంటకి చాక్లెట్ పిల్లలు ఎలా పుడతాయని, అవి తన కుక్కకి పుట్టినవే కావని అంటున్నారు. అడ్వాన్స్ ఇచ్చిన ఒకాయన తన పాప పుట్టినరోజుకి, అంటే నలభయ్యో రోజునే పిల్ల కావాలని పట్టుబడుతున్నారు. ఇంట్లో ఒక్క లిట్టర్‌కి కూడా లైసెన్స్ కావాలా? రేపు ఏ పిల్లకైనా తుంటి సమస్య వస్తే కేసు నా మీద పడుతుందా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, ముందుగా ఆ ఎనిమిది పిల్లలూ మీవే. ఇందులో అనుమానం అక్కర్లేదు. వేరే ఒప్పందం ఏదీ లేకపోతే పిల్లలు తల్లి యజమానికే చెందుతాయి. మీ కుక్కని అయిదు రోజులు ఆయన దగ్గర వదిలారు కాబట్టి ఒక మాట చెప్తాను. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 163వ సెక్షన్ కింద ఒక ఉదాహరణ ఉంది, ఒకరు తమ ఆవుని ఇంకొకరి దగ్గర ఉంచితే, అది అక్కడే ఈనినా సరే, దూడతో సహా యజమానికి అప్పజెప్పాలని. అక్కడే పుట్టిన దూడకే ఆ మాట అయినప్పుడు, మీ ఇంట్లో మీ కళ్ల ముందు పుట్టిన పిల్లల గురించి చెప్పేదేముంది. ఆయనకి రావాల్సింది మాట ప్రకారం ఒక్క పిల్ల. అది మాత్రం ఇవ్వాల్సిందే, ఎగ్గొట్టే ఆలోచన పెట్టుకోకండి.

కాగితం లేదని మీరు భయపడుతున్నారు గానీ, నోటి మాట కూడా ఒప్పందమే. మీకైతే నోటి మాట కంటే గట్టిది, ఆయన చేత్తో రాసిన మెసేజే ఉంది. అందులో 'ఫస్ట్ పిక్' అనీ ఉంది, 'ఒక్క పప్' అనీ ఉంది. ఎనిమిదిలో ముందుగా ఎంచుకునే హక్కు ఆయనది, చాక్లెట్‌నే ఎంచుకున్నా మీరు కాదనలేరు, కానీ రెండోదాన్ని అడిగే హక్కు ఆ మాటలో ఎక్కడా లేదు. కుదిరిన ఒప్పందాన్ని మార్చాలంటే ఇద్దరూ ఒప్పుకోవాలి (అదే కాంట్రాక్టు చట్టం 62వ సెక్షన్), ఒకరు సంతకం చేతిలో పెట్టుకుని మారుస్తానంటే కుదరదు. ఒక్క జాగ్రత్త తీసుకోండి. ఆ చాట్‌ని డిలీట్ చేయకండి, ఫోన్ మార్చకండి, స్క్రీన్‌షాట్లతో పాటు మొత్తం చాట్‌ని ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం, ఇలాంటి ఎలక్ట్రానిక్ సాక్ష్యం కోర్టులో పెట్టేటప్పుడు దానితో ఒక సర్టిఫికెట్ జతచేయాలి. చేతిలో మంచి మెసేజ్ ఉండీ, ఆ సర్టిఫికెట్ లేక ఇబ్బంది పడ్డవాళ్లని నేను చూశాను.

ఇక చాక్లెట్ సంగతి. ఆయన ఇన్నాళ్లుగా స్టడ్ ఉంచుకుని ఈ మాట అనడం నాకు నిజంగా బాధ కలిగించింది. లాబ్రడార్లలో చాక్లెట్ రంగు అణిగి ఉండే జన్యువు వల్ల వస్తుంది. తల్లీ తండ్రీ ఇద్దరూ చూడ్డానికి నల్లగా ఉండి, ఇద్దరిలోనూ ఆ జన్యువు ఒక్కొక్క కాపీ దాగి ఉంటే, సగటున నాలుగు పిల్లల్లో ఒకటి చాక్లెట్ పుడుతుంది. ఎనిమిదికి రెండు అంటే లెక్క సరిగ్గా సరిపోయినట్టే, అయినా లెక్క ప్రతి ఈతలో అలాగే రావాలనేం లేదు. కాబట్టి రంగుని బట్టి తండ్రి కాదనడానికి వీల్లేదు. అనుమానం నిజంగానే ఉంటే డీఎన్ఏ పరీక్ష ఉంది, చెంప లోపల దూదిపుల్లతో తీసే నమూనాతో అయిపోతుంది. తల్లి, పిల్లలు, ఆయన స్టడ్, అందరి నమూనాలూ వెట్ సమక్షంలో తీసి పంపుదామని మీరే ముందుగా రాతపూర్వకంగా అడగండి. ఒప్పుకుంటే గొడవ అక్కడితో పోతుంది. ఒప్పుకోకపోతే, పరీక్షకి పిలిస్తే రాలేదన్న విషయం రేపు మీకు పనికొస్తుంది. ఆయన వాదనలో ఇంకో పెద్ద చిల్లు కూడా ఉంది. తన కుక్కకి పుట్టలేదంటూనే ఆ రెండే కావాలని అడుగుతున్నారు. ఆ రెండు మాటలూ ఒకే చాట్‌లో ఉంటే, ఆ పేజీని జాగ్రత్తగా దాచండి.

సంతకం దగ్గరే అసలు నొప్పి. తండ్రి కుక్క యజమాని ఆమోదం లేకుండా లిట్టర్ రిజిస్ట్రేషన్ ముందుకి కదలదు, అది లేకపోతే పిల్లలకి పేపర్లు రావు, పేపర్లు లేనివి కేసీఐ షోలకి వెళ్లలేవు, వాటికి పలికే ధరా అదే లెక్కన పడిపోతుంది. 'విత్ పేపర్స్' అని చెప్పి మీరు ఇప్పటికే కొందరి దగ్గర అడ్వాన్స్ తీసుకుని ఉంటే, వస్తువు చెప్పిన వర్ణనకి సరిపోవాలన్న షరతు (1930 నాటి వస్తు విక్రయ చట్టం 15వ సెక్షన్) మీ మెడకి చుట్టుకుంటుంది. చట్టం కళ్లకి కుక్కపిల్ల కూడా వస్తువే, వినడానికి కష్టంగా ఉన్నా అంతే. కేసీఐ పేపర్లు ఇచ్చే లిట్టర్ అనే నమ్మకంతోనే ఈ మేటింగ్ జరిగిందని మీ చాట్లలో ఎక్కడైనా ఉందేమో వెతకండి. అది కనపడితే సంతకం పెట్టడం కూడా ఒప్పందంలో భాగమేనని వాదించవచ్చు, పెట్టకపోతే మీకు జరిగిన నష్టానికి కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ కింద పరిహారం అడగవచ్చు. మెసేజ్‌లు వచ్చిందీ, పిల్లని అప్పజెప్పాల్సిందీ విజయవాడలోనే కాబట్టి దావా ఇక్కడే వేయడానికి దారి ఉంది, బెంగళూరు తిరగాల్సిన పని లేకపోవచ్చు.

అయినా దావా అంటే నేను మిమ్మల్ని తొందరపెట్టను. సివిల్ కోర్టులో తీర్పు వచ్చేసరికి ఈ పిల్లలకి మళ్లీ పిల్లలు పుడతాయి. అందుకని ముందు ఒక లీగల్ నోటీసు, దాంతోపాటే కేసీఐకి ఆధారాలతో ఒక లేఖ పంపండి. తర్వాత మీ జిల్లా న్యాయసేవాధికార సంస్థకి వెళ్లి ప్రీ లిటిగేషన్ కేసుగా (దావా వేయకముందే రాజీ కోసం) పెట్టమని అడగండి. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం ప్రకారం ఆడవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది, చాలామంది ఆడవాళ్లకి ఈ సంగతే తెలియదు. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే ఆ అవార్డుకి కోర్టు డిక్రీతో సమానమైన బలం ఉంటుంది. ఇలాంటి గొడవల్లో ఎదుటివాళ్లు నోటీసు అందాక మెత్తబడటం ఎక్కువగా చూస్తాం, ఎందుకంటే ఆయనకీ షోలలో పేరు ముఖ్యమే.

లైసెన్స్ గురించి అడిగారు. కావాలి. 2017 మే నెలలో కేంద్రం జంతు హింస నివారణ చట్టం కింద కుక్కల పెంపకం, అమ్మకాల నిబంధనలు తెచ్చింది. జాతి కుక్కని ఉంచుకుని, పిల్లలు పుట్టించి అమ్మే ఎవరైనా బ్రీడర్ కిందే లెక్క. 'మాది హాబీ, ఒక్క లిట్టరే' అన్న మినహాయింపు అందులో లేదు. రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్టర్ చేసుకోవాలి, ఫీజు 5,000 రూపాయలు, సర్టిఫికెట్ రెండేళ్లు చెల్లుతుంది. మీ దగ్గర్లోని పశుసంవర్ధక శాఖ ఆఫీసులో అడిగితే ఎక్కడ దరఖాస్తు ఇవ్వాలో చెప్తారు. ఇక్కడ చాలామంది పొరపడే సంగతి ఒకటుంది. కేసీఐ అంటే ప్రభుత్వం కాదు, అది ఒక క్లబ్బు. కేసీఐ పేపర్లు ఉన్నంత మాత్రాన ఈ రిజిస్ట్రేషన్ ఉన్నట్టు కాదు. రిజిస్ట్రేషన్ లేకుండా నడిపే చోటుని మూయించి, జంతువుల్ని స్వాధీనం చేసుకునే అధికారం ఆ నిబంధనల్లో ఉంది కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోకండి. మీరు మేటింగ్‌కి ముందే చేయాల్సింది, ఆలస్యమైంది, అయినా ఇప్పుడు మీ అంతట మీరే వెళ్లి దరఖాస్తు పెట్టండి, ఉన్న తేదీల్నే రాయండి, సర్టిఫికెట్ చేతికొచ్చేదాకా ఒక్క పిల్లని కూడా అమ్మకండి.

ఆ నిబంధనలు చదివితే మంచి బ్రీడర్లు ఎప్పటినుంచో చేస్తున్న పనులే కనిపిస్తాయి. ఆడకుక్కకి 18 నెలలు నిండకుండా మేటింగ్ వద్దు, జీవితంలో అయిదు ఈతలు దాటకూడదు, దగ్గరి రక్తసంబంధం ఉన్నవాటిని కలపకూడదు, మైక్రోచిప్ ఉండాలి, టీకాలు వేయాలి, రికార్డులు రాయాలి. పిల్లల్ని ఎనిమిది వారాలు నిండాకే అమ్మాలి.

అంటే 56 రోజులు. ఆ నలభై రోజుల ఆయనకి ఇవ్వడానికి వీల్లేదు. మన దగ్గర 45 రోజులకి ఇచ్చేయడం అలవాటైపోయింది, అందరూ చేస్తున్నారు కదా అని మీరు చేయకండి. చట్టం సంగతి అలా ఉంచినా, తల్లి పాలతో వచ్చిన రక్షణ తగ్గిపోతూ, టీకా రక్షణ ఇంకా పూర్తిగా రాని రోజులవి, పార్వో వైరస్ సోకితే పిల్ల మూడు నాలుగు రోజుల్లో చేతుల్లోనే పోతుంది. గట్టిగా కొరకకూడదని తల్లి, తోబుట్టువులు నేర్పేది కూడా ఆ వారాల్లోనే, అదే పిల్ల రేపు ఒక చిన్నపాప ఉన్న ఇంట్లో పెరగబోతోంది. దూరాన ఉన్నవాళ్లు ట్రావెల్స్ బస్సు డిక్కీలో వేసి పంపమంటే దానికీ ఒప్పుకోకండి, బాధ కలిగేలా తరలించడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ కింద నేరం.

తుంటి సమస్య గురించి మీ భయం సరైనదే. కొన్నవాళ్లు రెండేళ్లలోపు వినియోగదారుల కమిషన్‌కి వెళ్లవచ్చు, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక వాళ్లు తాము ఉండే ఊళ్లోనే కేసు వేయవచ్చు, 5 లక్షల లోపు విలువకి ఫీజు కూడా లేదు. ఆదిలాబాద్ ఆయన కొంటే మీరు ఆదిలాబాద్‌లో జవాబు చెప్పుకోవాలి. అలాగని ప్రతి జబ్బుకీ మీరే బాధ్యులు కారు. హిప్ డిస్‌ప్లేషియా ఒక్క జన్యువుతో వచ్చేది కాదు, చాలా జన్యువులకి తోడు తిండి, బరువు, నున్నటి టైల్స్ మీద జారడం, అన్నీ కలుస్తాయి. 48 లాబ్రడార్లని జీవితాంతం గమనించిన ఒక అధ్యయనంలో, తోబుట్టువుల కంటే పావు వంతు తక్కువ తిన్నవి సగటున దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి, కీళ్ల అరుగుదల కూడా వాటికి తక్కువే. ఈ సంగతి అమ్మకం కాగితంలో రాయాలని నేను ప్రతి బ్రీడర్‌కీ చెప్తాను. ఎంత తిండి, ఏ వయసుకి ఎంత బరువు, మెట్లు ఎప్పటిదాకా ఎక్కించకూడదు, అన్నీ రాసి కొన్నవాళ్ల సంతకం తీసుకోండి.

మీరు చిక్కుల్లో పడేది జబ్బు వల్ల కంటే మీ మాట వల్లే. 'హిప్స్ గ్యారంటీ' అన్నారనుకోండి, అది వారంటీ అవుతుంది. 'షో క్వాలిటీ' అని రాశారనుకోండి, అది వర్ణన అవుతుంది. అయిదు వారాల మగపిల్లకి రేపు రెండు వృషణాలూ కిందికి దిగుతాయో లేదో ఎవరు చెప్పగలరు? దిగకపోతే షోకి పనికిరాదు. కాబట్టి చేసిన పరీక్షలేవో మాత్రమే రాయండి. మీ ఆడకుక్కకి హిప్, ఎల్బో ఎక్స్‌రేలు తీయించారా? అమెరికాలో కుక్కల తుంటి ఎక్స్‌రేలు చూసే ఓఎఫ్ఏ సంస్థ వాళ్లు తుది గ్రేడు ఇచ్చేదే 24 నెలలు నిండాక, మీ దానికి ఆ వయసు దాటింది. ఈఐసీ (గట్టిగా పరుగెత్తితే కూలబడిపోయే జబ్బు), పీఆర్ఏ (క్రమంగా చూపు పోయే జబ్బు) జన్యు పరీక్షల రిపోర్టులు స్టడ్ ఓనర్‌ని అడిగారా? మీ ఉత్తరంలో ఆ మాట లేదు. లేకపోతే ఇప్పుడైనా మీ కుక్కకి చేయించండి. అది క్లియర్ (ఆ జబ్బు జన్యువు లేదు) అని వస్తే, తండ్రి ఏదైనా పిల్లల్లో ఆ పరీక్షలు వెతికే రకం జబ్బులు బయటపడవు. క్యారియర్ (ఆ జన్యువు ఒక్క కాపీ దాగి ఉంది) అని వస్తే ఆ విషయం దాచకుండా కొనేవాళ్లకి రాతలో చెప్పండి. దాచిపెట్టి అమ్మితే మాత్రం మిమ్మల్ని కాపాడటం ఏ లాయరుకీ చేతకాదు. జాతి మీద ప్రేమతో మొదలుపెట్టిన మీకు ఈ ఖర్చు బరువు కాదని నా నమ్మకం.

ఈ రాత్రే ఆయనకి ఒక మెసేజ్ పెట్టండి, ఫోన్‌లో మాట్లాడొద్దు. "సార్, మీరు మేటింగ్ అప్పుడు రాసినట్టు ఫస్ట్ పిక్ ఒక్క పిల్ల మీకు సిద్ధంగా ఉంది. ఎనిమిది వారాలు నిండిన రోజున వచ్చి ఎంచుకోండి. రెండో పిల్ల మన ఒప్పందంలో లేదు. తండ్రి విషయంలో మీకు అనుమానం ఉంటే వెట్ సమక్షంలో డీఎన్ఏ పరీక్షకి నేను సిద్ధం, మీ స్టడ్ నమూనా కూడా ఇవ్వండి. లిట్టర్ రిజిస్ట్రేషన్‌కి మీ ఆమోదం పది రోజుల్లో ఇవ్వగలరు." ఇంతే పంపండి, ఒక్క కోపం మాట కూడా వద్దు, ఎందుకంటే ఈ మెసేజ్‌ని రేపు జడ్జిగారు కూడా చదవచ్చు. పాప పుట్టినరోజు ఆయనకి ఫోన్ చేసి, ఆ రోజు పాపని మీ ఇంటికి తీసుకురమ్మనండి. తన పిల్లని చూసి పేరు పెట్టి వెళ్తుంది, ఇంకో పదహారు రోజులకి వచ్చి తీసుకెళ్తుంది.