పాటకు డేటా ఎంత ఖర్చవుతుంది? నాయన క్యాసెట్ యాప్‌లోకి ఎలా ఎక్కుతుంది?

ఈ వారం వచ్చిన సందేహాల్లో ఎక్కువ పాటల యాప్‌ల గురించే ఉన్నాయి. అందుకే మిగతావి వచ్చే వారానికి ఉంచి, ఈసారి వాటికే జవాబులు ఇస్తున్నాను.

ధర్మవరంలో పట్టుచీరలు నేస్తాను సార్. పొద్దున మగ్గంలో కూర్చున్నప్పటి నుంచి సాయంత్రం దాకా ఫోన్‌లో పాటలు మోగాల్సిందే. రోజుకు వచ్చే 1.5 జీబీ డేటా మధ్యాహ్నానికే అయిపోతోంది. ఇంకా పెద్ద ప్లాన్ వేసుకోవాలా?

అక్కర్లేదు. ముందు మీరు పాటలు ఎందులో వింటున్నారో చూసుకోండి. మామూలు యూట్యూబ్‌లో వింటుంటే, మీ కళ్లు పోగుల మీదే ఉన్నా ఫోన్‌లోకి వీడియో దిగుతూనే ఉంటుంది. డేటాలో పెద్ద భాగం మీరు చూడని బొమ్మలకే పోతుంది. పాట మాత్రమే వినిపించే యాప్‌కు మారితే సమస్య సగానికి పైగా తీరిపోతుంది.

మిగతాది సెట్టింగ్స్‌లో ఉంది. స్పాటిఫైని ఉదాహరణగా తీసుకుందాం. అందులో పాట నాణ్యత ‘లో’లో పెడితే సుమారు 24 కేబీపీఎస్ (సెకనుకు ఎన్ని కిలోబిట్ల డేటా దిగుతుందో చెప్పే లెక్క), ‘నార్మల్’లో 96, ‘హై’లో 160, డబ్బు కట్టినవాళ్లకు వచ్చే ‘వెరీ హై’లో 320. గంటల్లోకి మారిస్తే 320కి గంటకు 144 ఎంబీ అవుతుంది. అంటే పది గంటలు మోగితే 1.4 జీబీ దాటి, మీ రోజు కోటా అంతా పోయినట్టే. అదే 96లో గంటకు 43 ఎంబీ, పది గంటలకు 430 ఎంబీ. మగ్గం చప్పుడు మధ్య చిన్న బ్లూటూత్ స్పీకర్‌లో వింటున్నప్పుడు ఈ రెంటికీ తేడా చెవికి తెలియడం కష్టం. కాబట్టి మొబైల్ డేటాకు ‘నార్మల్’, వైఫైకి ‘హై’ అని విడివిడిగా పెట్టుకోండి. ‘ఆటోమేటిక్’లో వదిలేయకండి, సిగ్నల్ బాగుంటే అది నాణ్యతను తనంతట తానే పెంచేస్తుంది. పాట వెనకాల ఆడే చిన్న వీడియోలను ఆపే మీట కూడా సెట్టింగ్స్‌లోనే ఉంటుంది, దాన్నీ ఆపేయండి.

మీలా పొద్దస్తమానం వినేవాళ్లకు నేను గట్టిగా చెప్పేది మాత్రం డౌన్‌లోడ్ గురించి. నెల చందా కట్టడానికి అసలు కారణం అదే కావాలి. ప్రకటనలు రాకపోవడం రెండో లాభం. అయిదు నిమిషాల పాట 160 నాణ్యతలో సుమారు 6 ఎంబీ ఉంటుంది. అంటే 200 పాటలు 1.2 జీబీలో సరిపోతాయి. ఆ రోజు డేటా మిగిలితే రాత్రి పడుకునే ముందు కొన్ని, మర్నాడు కొన్ని దించుకుంటూ పోతే వారం తిరిగేసరికి మంచి గుట్ట తయారవుతుంది. తర్వాత ‘ఆఫ్‌లైన్ మోడ్’ వేసి వినండి, పాటకంటూ డేటా ఖర్చవదు. చందా కట్టేముందు ఒక్కటి చూసుకోండి: కట్టే ప్రతి ప్లాన్‌లోనూ డౌన్‌లోడ్ ఉంటుందనుకోకండి. తక్కువ ధర ప్లాన్లలో దాన్నే తీసేస్తుంటారు. ప్లాన్ వివరాల్లో ఆ మాట కనిపిస్తేనే డబ్బు కట్టండి.

మా పాప నా ఫోన్‌లోనే రైమ్స్ వింటుంది. ఇప్పుడు నా యాప్ తెరిస్తే అన్నీ పిల్లల పాటలే చూపిస్తోంది. నాకు ఇష్టమైన కీర్తనలు ఎక్కడికో వెళ్లిపోయాయి. – కడప నుంచి ఒక గృహిణి

ఎవరు వింటున్నారో యాప్‌కు తెలియదమ్మా. ఏ పాట పూర్తిగా మోగింది, దేన్ని మధ్యలో దాటేశారు, దేనికి లైక్ కొట్టారు అన్నదే దానికి లెక్క. స్పాటిఫైలో అయితే పాప పాటలన్నీ ఒకే ప్లేలిస్ట్‌లో పెట్టి, మూడు చుక్కల మీద నొక్కి ‘ఎక్స్‌క్లూడ్ ఫ్రమ్ యువర్ టేస్ట్ ప్రొఫైల్’ ఎంచుకోండి. ఆ జాబితాను ఎన్నిసార్లు వినిపించినా మీ సిఫార్సులు దాన్నిబట్టి పెద్దగా మారవు. యూట్యూబ్ మ్యూజిక్‌లో ఇందుకు ‘పాజ్ వాచ్ హిస్టరీ’ ఉంది. పాప వినేముందు వేసి, మీరు వినేటప్పుడు తీసేయండి. హిస్టరీలోకి వెళ్లి ఇప్పటికే చేరిన రైమ్స్‌ను ఒక్కొక్కటిగా తొలగించవచ్చు కూడా.

అంతా చేశాక కొన్నాళ్లు మీ కీర్తనలు మీరే వెతుక్కుని వినండి, నచ్చినవాటికి లైక్ కొట్టండి. సిఫార్సులు మళ్లీ దారిలో పడతాయి. ఇంట్లో ముగ్గురు నలుగురు వినేవాళ్లుంటే మాత్రం ఫ్యామిలీ ప్లానే మేలు. ఎవరి ఖాతా వాళ్లది, ఎవరి పాటలు వాళ్లవి.

మా నాయన పౌరాణిక నాటకాల్లో వేషం కట్టేవారు. ఆయన పాడిన పద్యాలు 1980ల నాటి క్యాసెట్లలో ఉన్నాయి. ఏ యాప్‌లోనూ అలాంటివి దొరకలేదు. వీటిని ఫోన్‌లో వినే దారి ఉందా? – ప్రొద్దుటూరు

ఉంది. దయచేసి ఈ పని వాయిదా వేయకండి. సురభి నాటక సమాజాలకు పేరిచ్చిన సురభి ఊరు మీ కడప జిల్లాదే. ఇంత నాటక చరిత్ర ఉన్న నేల మీద పల్లెపల్లెలో పాడిన గొంతులు చాలావరకు ఇలా ఇంటి బీరువాల్లోని క్యాసెట్లలోనే ఉన్నాయి. కంపెనీలు విడుదల చేసిన పాట ఈ యాప్‌లో లేకపోతే ఇంకో యాప్‌లో దొరుకుతుంది. మీ నాయన గొంతు ఉన్నది మీ దగ్గర మాత్రమే, ఆ టేపు పాడైతే అంతే.

పనిచేసే టేప్ రికార్డర్ ఒకటి సంపాదించండి. దాని హెడ్‌ను, అంటే టేపుకు తగిలి శబ్దాన్ని చదివే భాగాన్ని దూదిపుల్లతో, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వండి. క్యాసెట్‌ను ఒకసారి చివరిదాకా ముందుకు, మళ్లీ వెనక్కి తిప్పితే చుట్టు సర్దుకుంటుంది. ఎక్కడైనా బిగుసుకుంటే బలవంతం చేయకండి, టేపు తెగుతుంది. రికార్డర్ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి ల్యాప్‌టాప్‌కు 3.5 ఎంఎం వైర్ కలపాలి. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో హెడ్‌ఫోన్‌కీ మైక్‌కీ ఒకటే రంధ్రం ఉంటుంది కాబట్టి, మైక్ రంధ్రం విడిగా ఉన్న యూఎస్‌బీ సౌండ్ అడాప్టర్ కొని, వైర్‌ను దాని మైక్ రంధ్రంలో పెట్టండి.

రికార్డు చేయడానికి ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. పద్యంలో రాగం పైకి ఎత్తుకునే చోట శబ్దం మీటర్ ఎర్రగీత తాకకుండా, −6 డీబీ (డెసిబెల్) దగ్గర ఆగేలా వాల్యూమ్ పెట్టండి. అక్కడ పగిలిన గొంతును తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా బాగుచేయలేదు. 60 నిమిషాల క్యాసెట్‌కు 60 నిమిషాలూ పడుతుంది, దగ్గరి దారి లేదు. బరబర శబ్దం తీసేసే తొందరలో గొంతును పలుచన చేయకండి. శుభ్రం చేయని అసలు రికార్డింగ్‌ను నాణ్యత తగ్గని వేవ్ లేదా ఫ్లాక్ ఫైలుగా రెండు చోట్ల దాచండి. వినడానికి విడిగా ఎంపీ3 తయారుచేసుకోండి. ఒక్కో ఫైలుకు నాటకం పేరు, పాత్ర, పద్యం మొదటి మాటలు, ఊరు, తెలిస్తే సంవత్సరం రాయండి. ఈ వివరాలు చెప్పగలిగే పెద్దవాళ్లు ఇంట్లో ఉండగానే కూర్చోబెట్టి అడగండి.

ఇక యాప్ సంగతి. కంప్యూటర్‌లో యూట్యూబ్ మ్యూజిక్ తెరిచి, మీ ఫొటో మీద నొక్కితే ‘అప్‌లోడ్ మ్యూజిక్’ కనిపిస్తుంది. మీ సొంత ఫైళ్లు లక్ష వరకు ఎక్కించవచ్చు. అవి మీ ఖాతాలో మీకు మాత్రమే వినిపిస్తాయి, చందా కట్టకపోయినా పర్వాలేదు. అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు పంచాలంటే ఎంపీ3లు పెన్‌డ్రైవ్‌లో ఇవ్వడమే తేలిక.

కర్నూలు నుంచి విజయవాడకు బస్సులో వెళ్తుంటా. ఆత్మకూరు దాటి దోర్నాల వరకు నల్లమలలో సిగ్నల్ సరిగా ఉండదు. దించుకున్న పాటలు కూడా ఈసారి మోగలేదు, చందా కడుతూనే ఉన్నా.

స్పాటిఫై, యూట్యూబ్ మ్యూజిక్ రెండూ కనీసం 30 రోజులకొకసారి నెట్‌కు కలిసి, చందా ఉందో లేదో చూసుకుంటాయి. ఆ గడువు దాటితే పాటలు ఫోన్‌లో ఉన్నా తెరుచుకోవు. బయల్దేరేముందు ఇంట్లోనే నెట్ ఆన్ చేసి యాప్ తెరవండి, ఒక పాట మోగించి చూడండి. ఫోన్ ఖాళీ చేస్తూ యాప్ ‘డేటా’ క్లియర్ చేసినా డౌన్‌లోడ్లు పోతాయి. స్పాటిఫైలో అయితే యాప్ లోపలి సెట్టింగ్స్‌లో ఉన్న ‘క్లియర్ క్యాష్’ వాడండి, దానితో పాటలు పోవు.

పాత సినిమా పాటలు నా ప్లేలిస్ట్‌లో బూడిద రంగులోకి మారి మోగడం లేదు. – ఆదోని

ఆ ఆల్బమ్ హక్కుల ఒప్పందం ముగిసి ఉంటుంది, లేదా చేతులు మారి ఉంటుంది. అదే పాట గాయకుల పేరు మీద వచ్చే సంకలనాల్లోనో, మరో కంపెనీ ఆల్బమ్‌లోనో చాలాసార్లు దొరుకుతుంది. పాట పల్లవితో వెతికితే రీమిక్స్‌లు ముందుకొస్తాయి. సినిమా పేరు, సంవత్సరం కలిపి వెతకండి. ఇంగ్లిష్ అక్షరాల్లో ‘ఏ’ ఒకటి పెడతారో రెండు పెడతారో చెప్పలేం కాబట్టి రెండు విధాలా కొట్టి చూడండి.

అనంతపురంలో హాస్టల్‌లో ఉంటున్నా. ప్రీమియం ఉచితంగా వచ్చే ఏపీకే ఫైల్ అని ఫ్రెండ్స్ వాట్సాప్‌లో పంపారు. వేసుకోవచ్చా?

వద్దు. ఏపీకే అంటే ప్లే స్టోర్‌తో పని లేకుండా నేరుగా ఫోన్‌లో వేసుకునే యాప్ ఫైలు. ఎవరు మార్చారో, లోపల ఏం పెట్టారో తెలియని యాప్ అది. పాటల యాప్‌కు మీ ఎస్సెమ్మెస్‌లతో పనేముంది? అది అడిగిందని ఆ అనుమతి ఇచ్చారంటే మీ బ్యాంకు ఓటీపీలు చదవడానికి దారి ఇచ్చినట్టే. ఇప్పటికే వేసుకుని ఉంటే తీసేసి, పాటల ఖాతా పాస్‌వర్డ్ మార్చండి, ‘సైన్ అవుట్ ఎవ్రీవేర్’ కొట్టండి.

కాలేజీ విద్యార్థులకు తక్కువ ధరలో స్టూడెంట్ ప్లాన్లు ఉంటాయి, మీ కాలేజీ వివరాలతో ప్రయత్నించండి. ఉచిత ట్రయల్ తీసుకుంటే మాత్రం గడువు రాగానే దానంతట అదే డబ్బు కోసే యూపీఐ ఆటోపే సంగతి గుర్తుంచుకోండి. ఫోన్‌లోంచి యాప్ తీసేసినంత మాత్రాన చందా ఆగదు. డబ్బు కోత పడే 24 గంటల ముందు బ్యాంకు నుంచి సమాచారం రావాలన్నది రిజర్వ్ బ్యాంకు నిబంధన. ఆ మెసేజ్ వచ్చినప్పుడు పక్కన పడేయకుండా చదవండి. వద్దనుకుంటే పాటల ఖాతాలో చందా రద్దుచేసి, మీ యూపీఐ యాప్‌లోని ఆటోపే జాబితాలోకి కూడా వెళ్లి అక్కడా రద్దయిందో లేదో చూసుకోండి.