చారలు చెదరని రాయి చేతిలో ఎందుకు నలిగింది?

ప్రశ్న: మధురవాడలో కొండవాలున ఇంటి పునాది తవ్విస్తున్నాము. ఆరడుగుల లోతున చారల రాయి కనబడగానే మేస్త్రీగారు బండ తగిలిందన్నారు. కాని ఒక ముక్కను నలిపితే ఎర్రటి పొడిగా రాలిపోయింది. చూపుకు రాయిలాగే ఉన్నది ఇంత మెత్తబడటం ఎలా సాధ్యం?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: మీరు నలిపినది చాలావరకు ఖొండలైటు అయి ఉంటుంది. తూర్పు కనుమల్లోని ఖోండు గిరిజనుల పేరు మీదుగా ఆ పేరు వచ్చింది. విశాఖ చుట్టూ ఉన్న కొండల్లో ఈ రాయి విస్తారంగా ఉంది. ఇందులో ఉండే ఖనిజాల్లో క్వార్ట్జ్, సిల్లిమనైట్ నీటికి సులభంగా లొంగవు. ఫెల్డ్‌స్పార్ అలా కాదు. మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని కొద్దిగా పులుపెక్కిన వాననీరు పగుళ్ళ గుండా దిగి, ఫెల్డ్‌స్పార్‌లోని పొటాషియం, సోడియం వంటివాటిని కరిగించుకుపోగా, కయోలిన్ అనే తెల్లని బంకమన్ను మిగులుతుంది. గార్నెట్ అనే మరో ఖనిజంలోని ఇనుము తుప్పుపట్టి ఎరుపునిస్తుంది. రేణువులు ఉన్నచోటనే ఉండి మారిపోతాయి కనుక చారలు చెదరవు, పట్టు మాత్రం పోతుంది.

పరిమాణం తగ్గకుండా పదార్థం కరిగిపోవడం వల్ల రాయి లోలోపల గుల్లబారుతుంది. తాజాగా ఉన్నప్పుడు నీటికి 2.7 రెట్లో, అంతకు మించో బరువుండే రాయి బాగా శిథిలమైతే సుమారు 2 రెట్లకు దిగవచ్చు. ఒక శాతం కూడా లేని ఖాళీలు ఇరవై శాతం దాటవచ్చు. 100 మెగాపాస్కల్‌ల ఒత్తిడిని తట్టుకున్న రాయి 5 మెగాపాస్కల్‌లకే చితికిపోవచ్చు. ఇంజనీర్లు శైథిల్యాన్ని ఆరు దశలుగా లెక్కిస్తారు. అంతా మట్టిగా మారినా అసలు అమరిక నిలిచి ఉండేది ఐదవ దశ. మీ రాయి ఆ దశకు దగ్గరగా ఉన్నట్టు తోస్తోంది.

మీరే ఒక పరీక్ష చేయవచ్చు. లోతు నుంచి తీసిన గట్టి ముక్కను, ఈ మెత్తటి ముక్కను సుత్తితో కొట్టి చూడండి: మొదటిది ఖంగుమంటుంది, రెండవది మొద్దుగా పలుకుతుంది. రెంటినీ రాత్రంతా నీళ్ళ గిన్నెలో ఉంచితే, గుల్ల ముక్క బుడగలు వదులుతూ నీరు పీల్చుకొని అంచుల వద్ద విడిపోవచ్చు. ఎండలో బలంగా కనిపించిన వాలు తుపాను వానలకు జారిపోవడానికి ఒక ముఖ్య కారణం ఇదే.

గట్టి ముక్క దొరికినంత మాత్రాన అడుగునంతా బండే అనుకోకూడదు. ఇక్కడే దొరికే చార్నోకైటు అనే మరో రాయి ఉల్లిపాయ పొరల్లా ఊడుతూ, మెత్తటి మట్టి మధ్య గుండ్రటి గట్టి బండలను మిగుల్చుతుంది. అటువంటి బండ కింద మళ్ళీ గుల్ల నేలే ఉండవచ్చు. కనుక ఒకటి కంటే ఎక్కువ చోట్ల బోరు వేయించి, బండ తగిలాక కూడా కొన్ని మీటర్లు దింపించి, తీసిన నమూనాలను నీటిలో నానబెట్టిన స్థితిలోనే పరీక్షింపజేయండి. ఆ ఫలితాలు ఇంజనీరు చేతికి వచ్చేవరకు కొండవైపు వాలును నిలువుగా కోయించకండి.